వెండితెర మీద విమానాలు, తెర వెనక మనుషులు

(స్వర్ణోత్సవ సమ్మేళనంలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ముప్ఫై ఏళ్లకు పైగా విమానాల నిర్వహణ, మరమ్మతు పనిలో ఉన్నావు కదా, దాని గురించి చెప్పవోయ్" అన్నారు. రివెట్ల గురించీ ఆయిల్ ఫిల్టర్ల గురించీ మాట్లాడితే జనం భోజనాల పందిట్లోకి ముందే వెళ్లిపోతారని నాకు తెలుసు. అందుకని సినిమాల గురించి చెబుతానన్నాను. తెలుగువాళ్లం కదా, సినిమా అంటే ఆయనా కాదనలేకపోయారు.

విమానాల సినిమాల్లో పైలట్ కనిపిస్తాడు. నాలాంటివాడు సాధారణంగా కనిపించడు. కనిపించినా మొహాన గ్రీజు మరక, చేతిలో పానా, ఒకే ఒక్క మాట. అందువల్ల నేను ఈ సినిమాలు చూసే తీరు కాస్త వేరు. హీరో కిటికీలోంచి బొటనవేలు చూపిస్తుంటే, కింద ఆ విమానాన్ని సిద్ధం చేసినవాడు ఎవరా అని వెతుకుతాను. ఆ వెతుకులాటలో నాకు దొరికిన కొన్ని మంచి సినిమాల సంగతి ఈ రోజు చెబుతాను.

మొదట 'వింగ్స్'. 1927 నాటి మూకీ చిత్రం. ఆస్కార్ బహుమతులు మొదలైన ఏడాది ఉత్తమ చిత్రం బహుమతి దీనికే వచ్చింది. దర్శకుడు విలియం వెల్‌మన్ మొదటి ప్రపంచయుద్ధంలో స్వయంగా విమానం నడిపినవాడు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో చిత్రీకరణ జరుగుతుంటే ఆయన రోజుల తరబడి పని ఆపేసి కూర్చున్నాడు. ఎందుకయ్యా అంటే మేఘాలు లేవన్నాడు. నిర్మాతలకు ఒళ్లు మండింది. కానీ ఆయన చెప్పింది మన ఫిజిక్స్ మాస్టారు చెప్పిన పాఠమే. వెనక ఏమీ లేని నీలాకాశంలో ఎగిరే విమానం ఎంత వేగంగా పోతున్నా ఈగలా కదలకుండా ఉన్నట్టే కనిపిస్తుంది. వెనక ఒక మేఘం ఉంటేనే దాని వేగం తెలుస్తుంది. సాపేక్ష వేగం అంటే అదే. నటులను నిజంగానే గాలిలోకి పంపి, కెమెరాను విమానానికే బిగించి, దాన్ని వాళ్లచేతే నడిపించారు. వందేళ్లు కావస్తున్నా ఆ దృశ్యాలు ఇప్పటికీ పాతబడలేదు.

దాని వెంటే 1930లో హోవర్డ్ హ్యూస్ 'హెల్స్ ఏంజెల్స్' తీశాడు. డబ్బు నీళ్లలా పోశాడు. ఆ చిత్రీకరణలో నలుగురు చనిపోయారు, హ్యూస్ కూడా ఒకసారి విమానం కూల్చుకుని గాయపడ్డాడు. ఆ నలుగురిలో ఒకడు మెకానిక్. తిరుగుతూ కూలిపోయే పెద్ద విమానంలోంచి పొగ వచ్చేలా చేయడం అతని పని. పైలట్ పారాచూట్‌తో దూకేశాడు. లోపలున్న మెకానిక్ దూకలేకపోయాడు. ఆ సినిమా గురించి రాసే ప్రతివాళ్లూ హ్యూస్ పెట్టిన ఖర్చు గురించి రాస్తారు. నేను మాత్రం ఆ దృశ్యం వచ్చినప్పుడల్లా ఆ మెకానిక్‌నే తలుచుకుంటాను.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సినిమా. మీలో చాలామంది పేరు కూడా విని ఉండరు. 'నో హైవే ఇన్ ద స్కై', 1951లో వచ్చింది. నెవిల్ షూట్ అనే ఆయన రాసిన నవల ఆధారం. ఆయన నవలాకారుడే కాదు, విమానాల ఇంజినీరు కూడా. ఇందులో హీరో హనీ అనే మతిమరుపు శాస్త్రవేత్త. జేమ్స్ స్టీవర్ట్ వేశాడు. ప్రయోగశాలలో ఒక విమానం తోకను బిగించి రాత్రింబగళ్లు ఊపుతూ ఉంటాడు. ఎందుకంటే, ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఒకానొక వంపు దగ్గర పుటుక్కున తెగుతుంది కదా, అలాగే ఈ విమానం తోక కూడా 1,440 గంటలు ఎగిరాక తెగిపోతుందని ఆయన లెక్క. దీన్నే లోహపు అలసట అంటారు. మనిషికి లాగే లోహానికీ అలసట ఉంది, కానీ మనిషిలా అది పైకి చెప్పదు.

పని మీద ఆయన అట్లాంటిక్ దాటాల్సి వస్తుంది. గాల్లోకి లేచాక తెలుస్తుంది, తాను కూర్చున్నది అదే రకం విమానమనీ, అది దాదాపు తన లెక్కదాకా ఎగిరేసిందనీ. చెబితే ఎవరూ నమ్మరు. గాండర్‌లో దిగాక విమానం మళ్లీ బయల్దేరబోతుంటే, నేల మీదే చక్రాలు ముడిచే మీట లాగేసి దాన్ని పొట్ట మీద కూలేస్తాడు. అందరూ పిచ్చివాడంటారు. చివరికి ఏమవుతుందో మీరే చూడండి.

అసలు సంగతి సినిమా తర్వాత జరిగింది. 1954 జనవరిలో కామెట్ అనే బ్రిటిష్ జెట్ విమానం ఇటలీకి చెందిన ఎల్బా ద్వీపం దగ్గర గాల్లోనే ముక్కలై సముద్రంలో పడింది. ఏప్రిల్‌లో నేపుల్స్ దగ్గర మరొకటి. ప్రపంచంలో ప్రయాణికులను ఎక్కించుకున్న మొదటి జెట్ విమానం అది. సముద్రం అడుగునుంచి ముక్కలు ఏరి తెచ్చారు. ఫార్న్‌బరోలో ఒక కామెట్‌ను పెద్ద నీళ్ల తొట్టిలో పెట్టి, లోపలికి నీళ్లు ఒత్తిడితో పంపుతూ తీస్తూ, వేల ప్రయాణాలకు సమానమైన పరీక్ష చేశారు. ఒక రోజు ఆ విమానం ఒళ్లు చీలిపోయింది. కిటికీలాంటి చతురస్రపు కంతల మూలల దగ్గర లోహం అలసిపోయిందని తేలింది. ఇప్పుడు మీరు ఎక్కే విమానాల కిటికీలకు మూలలు గుండ్రంగా ఎందుకుంటాయో గమనించారా? పదునైన మూలలో ఒత్తిడి పోగవుతుంది. గుండ్రంగా ఉంటే చుట్టూ పంచుకుంటుంది. కామెట్ నేర్పిన పాఠాల్లో అదొకటి. కథ ముందు వచ్చి, ప్రమాదం మూడేళ్ల తర్వాత వచ్చింది. హనీలాంటివాళ్లను పిచ్చివాళ్లు అనకుండా కూర్చోబెట్టి వినే సంస్థలే ప్రాణాలు కాపాడతాయి.

1955లో వచ్చిన 'ద డామ్ బస్టర్స్' మన లెక్కల మాస్టారు క్లాసులో వేయాల్సిన సినిమా. 1943 మే నెలలో బ్రిటిష్ విమానాలు జర్మనీలో ఆనకట్టలు కొట్టిన కథ. నీటి మీద కప్పగంతులు వేసే బాంబు తయారు చేసినాయన బార్న్స్ వాలిస్. రాత్రిపూట నీటికి సరిగ్గా 60 అడుగుల ఎత్తులో ఎగరాలి. చీకట్లో ఎత్తు తెలిసేదెలా? విమానం కింద రెండు దీపాలు వంపుగా బిగించారు. ఆ రెండు వెలుగులూ నీటి మీద ఒకటిగా కలిస్తే 60 అడుగులన్నమాట. దూరం తెలియడానికి చెక్కముక్క, రెండు మేకులు. ఆనకట్ట మీది రెండు బురుజులు ఆ మేకులతో కలిసినప్పుడు బాంబు వదలాలి. సరూప త్రిభుజాలు ఎందుకు పనికొస్తాయి మాస్టారూ అని అడిగే పిల్లలకు ఇదే జవాబు. కానీ ఆ రాత్రి వెళ్లిన 19 విమానాల్లో 8 తిరిగి రాలేదు, 53 మంది చనిపోయారు. సినిమా చివర నాయకుడు సంబరాలు చేసుకోడు, చనిపోయినవాళ్ల ఇళ్లకు ఉత్తరాలు రాయడానికి వెళ్తాడు. కింద వరదలో కొట్టుకుపోయిన వెయ్యిమందికి పైగా మనుషుల మాట సినిమా పెద్దగా ఎత్తలేదు. వాళ్లలో బందీలుగా తెచ్చిన కూలీలూ ఉన్నారు. మంచి సినిమాను మెచ్చుకుంటూనే అది వదిలేసిందేమిటో కూడా అడగాలి.

1965 నాటి 'ఫ్లైట్ ఆఫ్ ద ఫీనిక్స్' మరొకటి. ఎడారిలో విమానం కూలుతుంది. రెండు తోకదూలాల ప్యాకెట్ రకం విమానం. అదే కుటుంబానికి చెందిన సీ-119 ప్యాకెట్లు మన వాయుసేనలోనూ చాలా ఏళ్లు పనిచేశాయి. మిగిలినవాళ్లలో ఒక జర్మన్ యువకుడు విరిగిన ముక్కలతోనే కొత్త విమానం కట్టొచ్చంటాడు. అందరూ నీళ్లు లేక నాలుకలు పిడచగట్టుకుపోతూనే అతను చెప్పినట్టు రాత్రిపూట పని చేస్తారు. తీరా పని సగమయ్యాక తెలుస్తుంది, ఆ అబ్బాయి డిజైన్ చేసేది బొమ్మ విమానాలని! పైలట్‌కు గుండె ఆగినంత పనవుతుంది. అబ్బాయి మాత్రం తొణకడు. సూత్రం చిన్నదానికైనా పెద్దదానికైనా ఒకటే అంటాడు. మన స్కూల్లో సైన్స్ ఫెయిర్‌లో థర్మాకోల్ గ్లైడర్లు చేసే పిల్లలూ, వినండి.

ఆ సినిమాలో నా వృత్తివాడెవడైనా ఊపిరి బిగబట్టి చూసే దృశ్యం ఒకటుంది. ఇంజిన్ స్టార్ట్ చేయడానికి తూటాలాంటి కార్ట్రిడ్జ్‌లు కొన్నే మిగిలాయి. ఒకదాని తర్వాత ఒకటి పేలుతోంది, ఇంజిన్ దగ్గుతుంది, ఆగుతుంది. అప్పుడు ముసలి పైలట్ ఒక కార్ట్రిడ్జ్‌ను స్విచ్ ఆపేసి ఉత్తినే పేలుస్తానంటాడు, సిలిండర్లలో మసి బయటికి పోవడానికి. డిజైనర్ గగ్గోలు పెడతాడు. పైలట్ వినడు. తర్వాతి దానికి ఇంజిన్ అందుకుంటుంది. లెక్క తెలిసినవాడు అబ్బాయి, యంత్రం గొంతు తెలిసినవాడు పెద్దాయన. ఇద్దరూ ఉంటేనే విమానం లేచింది. ఈ సినిమా కోసం ఆ విమానం నడిపిన పాల్ మాంట్జ్ అనే ప్రసిద్ధ స్టంట్ పైలట్ చిత్రీకరణలోనే కూలి చనిపోయాడు. మనం కుర్చీలో కూర్చుని చూసే రెండు గంటల వెనక ఇలాంటివి ఉంటాయి.

'ద రైట్ స్టఫ్', 1983. శబ్దవేగాన్ని దాటిన చక్ యీగర్ కథ, ఆ తర్వాత వ్యోమగాముల కథ. 1947 అక్టోబర్ 14న ఎగరడానికి ముందు యీగర్ గుర్రం మీంచి పడి పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు. విమానం తలుపు లాగి గడియ పెట్టడానికి చెయ్యి లేవదు. జాక్ రిడ్లీ అనే ఇంజినీరు మిత్రుడు ఒక చీపురుకర్ర కోసి చేతికిచ్చాడు. దాన్నే మీటగా వాడి తలుపు బిగించాడు. మనిషి శబ్దాన్ని దాటిన రోజున చీపురుకర్రకూ వాటా ఉందన్నమాట. ఈ సినిమాలో నిజమైన యీగర్ ఒక చిన్న వేషం కూడా వేశారు. కనిపెట్టండి చూద్దాం.

కాస్త నవ్వుకుందాం. 1957లో 'జీరో అవర్' అని ఒక సినిమా వచ్చింది. విమానంలో చేపల భోజనం తిని పైలట్లిద్దరూ పడిపోతారు. 1980లో ముగ్గురు చిలిపివాళ్లు ఆ సినిమా హక్కులు కొని, అదే కథను హాస్యంగా మార్చి 'ఎయిర్‌ప్లేన్' తీశారు. కడుపు చెక్కలయ్యేలా నవ్విస్తుంది. కానీ అందులో ఒక నిజం ఉంది. చాలా విమాన సంస్థల్లో ఇద్దరు పైలట్లకూ వేర్వేరు భోజనం పెడతారు. ఒకరికి చెడ్డా మరొకరు నిలబడాలని. మా వృత్తిలో ఏ ముఖ్యమైన పనికైనా రెండోది ఒకటుంటుంది. రెండో ఇంజిన్, రెండో పైలట్, ఒకరు చేసిన పనిని మళ్లీ చూసే రెండో జత కళ్లు.

ఇక మన దేశానికి వద్దాం. 1969లో 'ఆరాధన'లో రాజేశ్ ఖన్నా వాయుసేన యూనిఫాం వేశాక ఎంతమంది కుర్రవాళ్లు పైలట్ కావాలనుకున్నారో లెక్కలేదు. అదే కథ తెలుగులో 'కన్నవారి కలలు'గా వచ్చింది. అయితే అందులో విమానం అలంకారమే. శిక్షణ అంటే ఏమిటో కొంచెం ఓపిగ్గా చూపించింది 1982లో గోవింద్ నిహలానీ తీసిన 'విజేత'. వాయుసేన సహకారంతో తీసిన సినిమా. దిక్కు తోచని కుర్రాడు మిగ్-21 పైలట్ అయ్యేదాకా పడే యాతన అందులో ఉంది. మన దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి వెళ్లాలనుకునే పిల్లలు చూడదగ్గది.

మన తెలుగమ్మాయి సుధ కొంగర తీసిన 'ఆకాశం నీ హద్దురా' అందరూ చూసే ఉంటారు. తమిళంలో 'సూరరై పోట్రు'. జాతీయ స్థాయిలో ఉత్తమ చిత్రంతో కలిపి ఐదు బహుమతులు తెచ్చుకుంది. ఎయిర్ డెక్కన్ స్థాపించిన కెప్టెన్ గోపీనాథ్ జీవితం దానికి ఆధారం. తండ్రిని చివరిచూపు చూడ్డానికి టిక్కెట్ డబ్బులు చాలక హీరో విమానాశ్రయంలో కనిపించినవాళ్లందరినీ అడుక్కునే దృశ్యం దగ్గర ఏడవనివాళ్లు లేరు. దానిలో అసలు విషయం చాలా సాదా లెక్క. విమానం గాల్లో ఉన్నప్పుడే డబ్బు సంపాదిస్తుంది, నేల మీద ఉన్న ప్రతి నిమిషం ఖర్చే. కాబట్టి దిగిన వెంటనే మళ్లీ లేవాలి. టిక్కెట్ చవకవడం అందరికీ మంచిదే. కానీ ఆ దిగడానికీ లేవడానికీ మధ్య ఉండే కాస్త సమయంలోనే టార్చిలైట్ పట్టుకుని చక్రాలూ రెక్కలూ చూసేవాడొకడు ఉంటాడు. తొందరపెట్టినా తొందరపడకపోవడమే వాడి ఉద్యోగం. విమానం ఎగరొచ్చని కాగితం మీద సంతకం పెట్టేముందు, పెట్టెలోని పానాలు, స్క్రూడ్రైవర్లు అన్నీ లెక్కపెట్టుకోవాలి. ఒక్కటి తగ్గినా, అది ఇంజిన్‌లో లేదని తేలేదాకా విమానం కదలదు. ఈ దృశ్యం ఇంకా ఏ సినిమాలోనూ నాకు సరిగ్గా కనబడలేదు.

ఇక్కడే నా ఫిర్యాదు మొదలవుతుంది. సినిమాకు ఒక విలన్ కావాలి. విలన్ దొరక్కపోతే ఆఫీసులో కూర్చున్నవాణ్ణి విలన్ చేస్తారు. 2016లో 'ఎయిర్‌లిఫ్ట్' వచ్చింది. 1990లో కువైట్‌ను ఇరాక్ ఆక్రమించినప్పుడు మనవాళ్లను తీసుకొచ్చిన కథ. కడప, గోదావరి జిల్లాల్లో ఆ రోజులు గుర్తున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఎయిర్ ఇండియా 488 విమానాల్లో లక్షకు పైగా జనాన్ని అమ్మాన్ నుంచి బొంబాయి చేర్చింది. సినిమాలో మాత్రం ఒక వ్యాపారి ఒంటిచేత్తో నడిపిస్తాడు, అధికారులు మొద్దునిద్ర పోతుంటారు. అప్పట్లో పనిచేసిన దౌత్యాధికారులు నొచ్చుకున్నారు. 2020లో 'గుంజన్ సక్సేనా' వచ్చింది. కార్గిల్ యుద్ధంలో చీతా హెలికాప్టర్ నడిపి, గాయపడిన జవాన్లను తెచ్చిన ధీర కథ. అందులో తోటి అధికారులను చూపించిన తీరు మీద వాయుసేన అభ్యంతరం చెప్పింది. తనకు వాయుసేన అవకాశాలిచ్చిందనే గుంజన్ కూడా చెప్పారు. ఆడపిల్లలకు అడ్డంకులు లేవని నేననను, ఉన్నాయి. కానీ ఉన్నవాటిని ఉన్నట్టు చూపిస్తేనే వాటిని తొలగించగలం.

ఈ విషయంలో బాగా ఆలోచించాల్సిన సినిమా 'సల్లీ'. 2016లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తీశాడు, టామ్ హాంక్స్ నటించాడు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో లేచిన విమానం రెండు ఇంజిన్లలోనూ పక్షులు పడి శక్తి కోల్పోయింది. కెప్టెన్ సలెన్‌బర్గర్ దాన్ని హడ్సన్ నది మీద దించారు. 155 మందీ బతికారు. పక్షులు తగిలినప్పటి నుంచి నీళ్లలో దిగేదాకా 208 సెకన్లు. ఆ నది మీద దించే దృశ్యం అద్భుతం.

కానీ సినిమాలో దర్యాప్తు అధికారులు పైలట్‌ను ఇరికించాలని చూస్తారు. కంప్యూటర్ లెక్క ప్రకారం వెనక్కి తిరిగి రన్‌వే చేరగలిగేవాడివే అంటారు. మనిషి ఆలోచించుకునే సమయం కలపలేదేమని హీరో నిలదీస్తే, 35 సెకన్లు కలుపుతారు, విమానం కూలిపోతుంది, అందరూ నోళ్లు మూసుకుంటారు. అసలు జరిగింది వేరు. ఆ 35 సెకన్ల పరీక్ష దర్యాప్తువాళ్లు తమంతట తాము చేసిందే. నదిలో దించడమే సరైన నిర్ణయమని రాసిందీ వాళ్లే. ఇంకా ఏం రాశారో తెలుసా? ఇంజిన్లు ఆగితే చదవాల్సిన చెక్‌లిస్ట్ ఎంతో ఎత్తులో ఉన్న విమానం కోసం తయారైందని, తక్కువ ఎత్తులో దాన్ని పూర్తి చేసే సమయమే ఉండదని. ఆ విమానంలో తెప్పలుగా మారే జారుడుబల్లలు ఉండటం అదృష్టమని, ఆ ప్రయాణానికి అవి నిబంధన ప్రకారం తప్పనిసరి కావని. కాబట్టి మార్చండి అన్నారు. ఈసారి బతికిన 155 మందితో ఆగిపోకుండా, రాబోయే ప్రయాణికుల గురించి ఆలోచించినవాళ్లు వాళ్లు. సినిమాలో వాళ్లే విలన్లు.

ఇది ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఘోరం జరిగింది. విమానంలోని 242 మందిలో ఒక్కరే బతికారు. కింద ఉన్నవాళ్లూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. మంటలారకముందే టీవీల్లో, ఫోన్లలో ప్రతివాడూ దర్యాప్తు అధికారి అయిపోయాడు. నాకు తెలిసినవాళ్లే, "నీకు తెలుసు కదా, తప్పెవరిది?" అని రాత్రి పన్నెండింటికి ఫోన్లు చేశారు. చనిపోయినవాళ్ల కుటుంబాలు కూడా అదే టీవీ చూస్తుంటాయని ఎవరికీ తోచలేదు. తప్పెవరిది అన్న ప్రశ్న మనకు సినిమాలు అలవాటు చేశాయి. ప్రమాద దర్యాప్తుకు ప్రపంచ దేశాలన్నీ ఒప్పుకున్న నియమం ఏమిటంటే, దాని ఉద్దేశం మళ్లీ జరగకుండా చూడటమే, నింద పంచడం కాదు. నిందిస్తారని భయపడితే ఎవరూ నిజం చెప్పరు. నిజం చెప్పకపోతే తర్వాతి విమానానికి రక్షణ లేదు.

పిల్లలూ, మీలో పైలట్ కావాలనుకునేవాళ్లు తప్పకుండా అవండి. 200 గంటలు ఎగిరితే కానీ కమర్షియల్ లైసెన్సు రాదు, దానికి పదుల లక్షలు ఖర్చవుతుంది, లైసెన్సు రాగానే ఉద్యోగం వస్తుందన్న హామీ లేదు. ఇది తెలుసుకుని, ఇంట్లో అమ్మానాన్నలతో కూర్చుని లెక్క వేసుకుని దిగండి. పొలం అమ్మాక తెలుసుకోవద్దు. ఆ డబ్బు లేనివాళ్లకు ఆకాశం మూసేసినట్టు కాదు. నిర్వహణ ఇంజినీర్లు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు, వాతావరణం చూసేవాళ్లు, డిజైన్ చేసేవాళ్లు, ప్రమాదాలు దర్యాప్తు చేసేవాళ్లు, వీళ్లందరూ కలిస్తేనే ఒక విమానం లేస్తుంది. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ గట్టిగా చదివితే ఈ దారుల్లో చాలావాటికి తలుపు తెరుచుకుంటుంది.

సంఘం పెద్దలకు ఒక విన్నపం. స్వర్ణోత్సవం పేరిట కట్టబోయే హాల్లో ఒక ప్రొజెక్టర్ పెట్టండి. ఏడాదికి నాలుగు సినిమాలు వేద్దాం. మొదటిది 'ఫ్లైట్ ఆఫ్ ద ఫీనిక్స్' పెడదాం. సినిమా అయ్యాక పిల్లల్ని రెండు ప్రశ్నలు అడుగుదాం. ఇందులో నిజమెంత? ఇందులో కనిపించనివాళ్లెవరు? ప్రొజెక్టర్ ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది, నిన్న రాత్రే మాట్లాడుకున్నాం. తెర మాత్రం మా తర్వాతి బ్యాచ్‌వాళ్లు ఇవ్వాలి. వాళ్లు ఇక్కడే ఉన్నారు, తప్పించుకోలేరు.

 భోజనాలకు ఇంకా పది నిమిషాల టైముంది. అడగాలనుకున్నవాళ్లు అడగండి. పిల్లలకే మొదటి అవకాశం.